ఫోటో వివరాల్లో ఏది ఎవరి మాట?

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి, శ్రీకాకుళంతో పాటు సరిహద్దుకు అవతల ఒడిశాలోని గజపతి జిల్లాను కూడా ముంచింది. అక్కడ కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య దాటింది. అంతా ఒకే తీరం, ఇంచుమించు ఒకే కాలం. కూలిన కొబ్బరి చెట్లూ, ఒరిగిన కరెంటు స్తంభాలూ ఏ ఏడాదివైనా ఒకేలా ఉంటాయి. అందుకే మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫోటో ఈ రోజుదో, పదేళ్ల నాటిదో కళ్లతో చూసి తేల్చడం కష్టం. ఊరు వదిలి వెళ్లాలా, వద్దా అని ఆలోచించుకుంటున్న కుటుంబానికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

ఇలాంటప్పుడు మొదట అందుకోవాల్సిన పనిముట్టు, వెబ్ పేజీలోని ఫోటోల వివరాలు చూపించే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. ఎక్స్‌టెన్షన్ అంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్లకు మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. అది పెట్టుకున్నాక ఫోటో మీద రైట్ క్లిక్ చేస్తే మెనూలో కొత్త వరస ఒకటి కనిపిస్తుంది. నొక్కితే ఒక చిన్న విండోలో ఫోటో అడ్రస్, కొలతలు, బరువు, ఫైల్ రకం, ఫోటోకు బదులుగా చదవాల్సిన వాక్యం, కెమెరా రాసుకున్న సమాచారం వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సౌకర్యం ఒకప్పుడు రైట్ క్లిక్ మెనూలోనే ఉండేది. 2021లో మెనూలను కుదించినప్పుడు తీసేశారు. గూగుల్ కూడా 2018 ఫిబ్రవరిలో, ఫోటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థతో కుదిరిన ఒప్పందం తర్వాత, ఫోటోల వెతుకులాటలో నేరుగా ఫోటోను తెరిచే బటన్‌ను తొలగించింది. ఇలా ఖాళీ అయిన చోట్లను ఎక్స్‌టెన్షన్లు నింపుతున్నాయి.

పెట్టుకోవడం తేలికే. ఆ విండోను చదవడం దగ్గరే చాలామంది తడబడతారు. వివరాలన్నీ ఒకే పెట్టెలో, ఒకే అక్షరాల్లో కనిపించేసరికి అన్నిటికీ ఒకే విలువ ఉందనిపిస్తుంది. నిజానికి ఆ వరసలు నాలుగు వేర్వేరు నోళ్ల నుంచి వచ్చిన మాటలు. కొన్ని వెబ్ పేజీ చెప్పినవి. కొన్ని మన బ్రౌజర్ కొలిచి చెప్పినవి. కొన్ని సర్వర్, అంటే ఫోటో ఫైల్‌ను ఉంచుకుని మనకు పంపే కంప్యూటర్, చెప్పినవి. మిగిలినవి ఫైల్ లోపల రాసి ఉన్నవి. ఏ వరస ఎవరి మాటో తెలియకపోతే ఎంత మంచి ఎక్స్‌టెన్షన్ అయినా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నా దృష్టిలో ఈ విషయంలో నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే. మిగతాదంతా మెనూలో ఏది ఎక్కడుందన్న గొడవ.

ఒక చీర, మూడు కొలతలు

బరంపురంలో పట్టుచీరలు నేసే దేరా కుటుంబాల మూలాలు తెలుగు నేలవే. ఆలయ శిఖరాల్లా అంచు పొడవునా సాగే ఫొడా కుంభ నేతకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అలాంటి చీరను ఒక దుకాణం వాళ్లు ఫోన్‌తో ఫోటో తీసి తమ వెబ్‌సైట్‌లో పెట్టారనుకుందాం. ఆ ఫోటో మీద ఎక్స్‌టెన్షన్ తెరిస్తే కొలతలు రెండు చోట్ల కనిపిస్తాయి. ఒకచోట 400 బై 533 పిక్సెళ్లు, మరోచోట 3000 బై 4000 పిక్సెళ్లు. మొదటిది పేజీలో ఆ ఫోటో ఆక్రమించిన జాగా. రెండోది ఫైల్‌లో నిజంగా ఉన్న పిక్సెళ్లు. మొదటిది పేజీ రాసినవాళ్ల నిర్ణయం, రెండోది కెమెరా ఇచ్చింది.

ఈ రెండింటి మధ్య దూరమే డబ్బు ఖర్చు. 3000ను 4000తో గుణిస్తే 1 కోటి 20 లక్షల పిక్సెళ్లు. ఈ రోజు ఫోన్ తెరల్లో పేజీ లెక్కలోని ఒక పిక్సెల్‌కు అడ్డంగా రెండు, నిలువుగా రెండు అసలు చుక్కలుండటం మామూలు కాబట్టి, 400 బై 533 జాగాను స్పష్టంగా నింపడానికి 800 బై 1067 ఉంటే సరిపోతుంది. అంటే సుమారు 8 లక్షల 54 వేల పిక్సెళ్లు. దుకాణం పంపుతున్నది దానికి పద్నాలుగు రెట్లు. ఆ బరువును మోసేది చీర చూస్తున్నవాళ్ల డేటా ప్యాక్. రాయగడ నుంచి గుణుపురం వెళ్లే దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నచోట ఆ పేజీ తెరుచుకునేలోపు కొనే మనిషి ఓపిక అయిపోతుంది.

కథ డేటాతో ఆగదు. ఫైల్ ఎంత బిగించి పంపినా, తెర మీద గీయడానికి బ్రౌజర్ దాన్ని పూర్తిగా విప్పాలి. విప్పాక ఒక్కో పిక్సెల్‌కు మామూలుగా 4 బైట్లు పడుతుంది. 1 కోటి 20 లక్షల పిక్సెళ్ల ఫోటో మెమరీలో 48 ఎంబీ ఆక్రమిస్తుంది. అలాంటివి ఒక పేజీలో ఇరవై ఉంటే తక్కువ ధర ఫోన్ నత్తనడక నడవడంలో వింతేమీ లేదు. ఎక్స్‌టెన్షన్ బరువు వరసలో 2 ఎంబీ అని చూపించిందని సరిపెట్టుకోకూడదు. మెమరీ భారాన్ని నిర్ణయించేది ఫైల్ బరువు కాదు, పిక్సెళ్ల లెక్క.

అలాగని పెద్ద ఫోటో అసలు ఉండకూడదని నేను అనను. పట్టుచీర కొనేవాళ్లు పోగు పోగూ చూడాలనుకుంటారు, చూడాలి కూడా. మగ్గం నేతకూ మరమగ్గం నకలుకూ తేడా తెలిసేది అంచును దగ్గరగా చూసినప్పుడే. ఫోటో మీద నొక్కితే పెద్దది తెరుచుకోవాలి. వరసగా ముప్పై చీరలు చూపించే పేజీలో మాత్రం చిన్నవే పెట్టాలి.

మూడో కొలత కూడా ఒకటుంది, అదే ఎక్కువ తికమక పెడుతుంది. ఈ రోజుల్లో పేజీ రాసేవాళ్లు ఒకే ఫోటోకు రెండు మూడు సైజుల ఫైళ్లు సిద్ధంగా ఉంచి, తెరను బట్టి నీకు నప్పింది ఎంచుకో అని బ్రౌజర్‌కే వదిలేస్తారు. సోర్స్ సెట్ అనే ఏర్పాటు ఇది. కాబట్టి ఒకే పేజీ చూస్తున్న ఇద్దరికి రెండు వేర్వేరు ఫైళ్లు అందొచ్చు. ఫోన్‌లో చూసిన అక్కకు 800 పిక్సెళ్లది, కంప్యూటర్‌లో చూసిన తమ్ముడికి 1600 పిక్సెళ్లది వస్తే, ఇద్దరూ తమ విండోలో ఉన్నది నిజమేనని వాదించుకుంటారు. ఇద్దరిదీ నిజమే. ఇంకో మెలిక ఏమిటంటే, సోర్స్ సెట్ ఉన్నప్పుడు అసలు కొలత ఎంత అని బ్రౌజర్‌ను అడిగితే అది ఆ ఫైల్ సాంద్రతతో, అంటే పేజీ లెక్కలోని ఒక పిక్సెల్‌కు ఫైల్‌లో ఎన్ని పిక్సెళ్లున్నాయో ఆ అంకెతో, భాగించి జవాబిస్తుంది. 1600 పిక్సెళ్ల వెడల్పున్న ఫైల్‌ను 400 జాగా కోసం తెచ్చుకుంటే, అసలు వెడల్పు 400 అని చెబుతుంది. బాగా రాసిన ఎక్స్‌టెన్షన్ ఈ మాట నమ్మకుండా ఆ అడ్రస్‌లోని ఫైల్‌ను విడిగా మళ్లీ తెరిచి కొలుస్తుంది. మీరు వాడేది ఎలాంటిదో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఫోటోను కొత్త ట్యాబ్‌లో తెరవండి. ట్యాబ్ పేరులో బ్రౌజర్ చూపించే కొలతా, ఎక్స్‌టెన్షన్ చూపించే కొలతా ఒకటేనా కాదా చూడండి.

కొన్నిసార్లు కొలత 1 బై 1 అని వస్తుంది. ఎక్స్‌టెన్షన్ చెడిపోలేదు. పేజీ కిందికి జరిపేదాకా ఫోటోను తేకుండా ఆపి, ఆ చోట ఖాళీ చుక్క ఒకటి పెట్టి ఉంచారు. కిందికి వెళ్లి ఫోటో పూర్తిగా వచ్చాక మళ్లీ చూడాలి. రైట్ క్లిక్ చేసినా ఫోటో మెనూ రాకపోతే, ఆ ఫోటోను పేజీ నేపథ్యంగా వేసి ఉంటారు, లేదా దాని మీద కనిపించని పొర ఒకటి పరిచి ఉంటారు. కొన్ని ఈ-పేపర్లు పేజీని ముక్కలుగా కోసి పక్కపక్కన పేరుస్తాయి. అక్కడ మీకు దొరికేది ముక్క కొలతే. ఇలాంటి చోట్ల మౌస్ ఉన్న బిందువు కింద ఉన్న పొరలన్నీ వెతికే ఎక్స్‌టెన్షన్లే పనికొస్తాయి.

అప్లికేషన్ ఫోటో తిరిగొచ్చినప్పుడు

బ్యాంకు పరీక్షల కాలంలో బరంపురం, రాయగడ నెట్ సెంటర్ల ముందు ఒకే రకం ప్రశ్న వినిపిస్తుంది: "మావయ్యా, ఫోటో 47 కేబీయే ఉంది కదా, ఎందుకు తీసుకోవట్లేదు?" ఐబీపీఎస్ అప్లికేషన్లలో ఫోటోకు 200 బై 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ, సంతకానికి 140 బై 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ అని రాసి ఉంటుంది. బరువు సరిపోయినా తిరస్కరించడానికి చాలాసార్లు కారణం ఫైల్ రకం.

ఇక్కడ పేరు ఒకటి, లోపలిది మరొకటి. వెబ్ పేజీ నుంచి ఫోటో అడిగేటప్పుడు బ్రౌజర్ తనకు ఏయే రకాలు చదవడం వచ్చో సర్వర్‌కు చెబుతుంది. సర్వర్ ఆ మాట విని, అడ్రస్ చివర డాట్ జేపీజీ అని ఉన్నా, తక్కువ బరువుండే వెబ్‌పీ లేదా ఏవీఐఎఫ్ రకం ఫైల్ పంపుతుంది. వెబ్‌పీని గూగుల్ 2010లో ప్రకటించింది, ఏవీఐఎఫ్ 2019లో వచ్చింది. చూడటానికి తేడా ఏమీ తెలియదు. సేవ్ చేసుకుని అప్లికేషన్‌లో పెట్టినప్పుడు బయటపడుతుంది, ఎందుకంటే ఆ పోర్టల్ 1992 నాటి జేపెగ్‌నే తీసుకుంటుంది. చాలామంది ఫైల్ పేరు చివర వెబ్‌పీ అన్నది చెరిపి జేపీజీ అని రాస్తారు. చీరకు కట్టిన చీటీ మీద పేరు మార్చినంత మాత్రాన అంచులో నేసిన కుంభం మారదు. ఫైల్ మొదటి కొన్ని బైట్లలోనే దాని రకం నేసి ఉంటుంది. జేపెగ్ అయితే ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అని మొదలవుతుంది, వెబ్‌పీ అయితే ఆర్‌ఐఎఫ్‌ఎఫ్ అని. నిజంగా మార్చాలంటే ఫోటోను ఒక ఎడిటర్‌లో తెరిచి జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేయాలి.

కాబట్టి ఎక్స్‌టెన్షన్‌లో రకం అన్న వరస చూసేటప్పుడు అది అడ్రస్ చివరి అక్షరాలను చదివిందా, సర్వర్ చెప్పింది రాసిందా, ఫైల్ మొదటి బైట్లు చూసిందా అన్నది ముఖ్యం. మూడూ వేర్వేరు జవాబులు ఇవ్వగలవు. నమ్మాల్సింది మూడోదాన్ని.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న అంకె, గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. 72 అని ఉన్నదాన్ని 300 చేస్తే ఫోటో బాగుపడుతుందని చాలామంది నమ్మకం. వెబ్‌లో ఆ అంకె అచ్చు యంత్రానికి రాసిన సూచన మాత్రమే. 200 డీపీఐ అని ఉంటే 200 పిక్సెళ్ల వెడల్పును ఒక అంగుళంలో అచ్చు వేయమని అర్థం. అంకె మార్చితే పిక్సెళ్లు ఒక్కటి కూడా పెరగవు. స్కానర్ మీద కాగితం పెట్టినప్పుడు మాత్రం దానికి నిజమైన పని ఉంది. అక్కడ డీపీఐ పెంచితే పిక్సెళ్లూ పెరుగుతాయి.

బరువు వరసలో అప్పుడప్పుడు 0 అనో, తెలియదు అనో వస్తుంది. ఫోటో వేరే సర్వర్ నుంచి వచ్చినప్పుడు ఎంత బరువు మోసుకొచ్చావని పేజీ అడిగితే బ్రౌజర్ చెప్పదు. ఒక సైట్ సంగతులు మరో సైట్‌కు తెలియకూడదన్న భద్రతా నియమం అది. ఎక్స్‌టెన్షన్‌కు తగిన అనుమతి ఉంటే సర్వర్‌ను తానే మళ్లీ అడిగి తెలుసుకుంటుంది, లేకపోతే సున్నా చూపించి ఊరుకుంటుంది.

కెమెరా రాసిపెట్టిన చిట్టా

ఇక తుఫాను ఫోటో దగ్గరికి వద్దాం. ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నలకు జవాబుందంటే అది ఎక్సిఫ్‌లో ఉంటుంది. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం పెట్టిన పద్ధతి ఇది. ఫోటో తీసిన క్షణంలోనే కెమెరా జేపెగ్ ఫైల్ మొదట్లో ఒక చిన్న చిట్టా రాస్తుంది. అందులో ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ తేదీ ఏ సమయం, లెన్సు ఎంత తెరుచుకుంది, ఫోన్‌ను ఎటు తిప్పి పట్టుకున్నారు అన్నవి ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. అక్షాంశం 19.3 ఉత్తరం, రేఖాంశం 84.8 తూర్పు అని ఉంటే అది బరంపురం పట్టణం.

తేదీ చదివేటప్పుడు మూడు తేదీలను కలిపేయకూడదు. ఎక్సిఫ్‌లోని అసలు తేదీ షట్టర్ నొక్కినప్పటిది. సర్వర్ చెప్పే చివరి మార్పు తేదీ ఆ ఫైల్‌ను అక్కడ పెట్టినప్పటిది. మీ కంప్యూటర్‌లో ఫైల్ పక్కన కనిపించేది మీరు దించుకున్నప్పటిది. 2013 నాటి ఫైలిన్ ఫోటోను ఎవరైనా నిన్న కొత్తగా ఎక్కించి ఉంటే సర్వర్ తేదీ నిన్నటిదే వస్తుంది. ఎక్స్‌టెన్షన్‌లో ఆ ఒక్క తేదీ చూసి ఇది తాజా ఫోటోయే అని గ్రూపులో పెట్టేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు. సర్వర్ మాటను కెమెరా మాటగా చదివారు, అంతే.

సమయంలోనూ ఒక చిక్కుంది. చాలా ఏళ్లు ఎక్సిఫ్ సమయానికి పక్కన ఏ దేశపు గడియారమో రాసే చోటే లేదు. 2016లో వచ్చిన 2.31 కూర్పులోనే దాన్ని చేర్చారు. జీపీఎస్ సమయం మాత్రం అంతర్జాతీయ సమయంలో ఉంటుంది, మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక. ఉదయం 7 గంటలకు గోపాల్‌పూర్ బీచ్‌లో తీసిన ఫోటోలో జీపీఎస్ వరస 1:30 చూపిస్తే దాన్ని దొంగ ఫోటో అనుకోకూడదు. రెండు వరసల మధ్య తేడా సరిగ్గా అయిదున్నర గంటలుంటే ఆ చిట్టా మన దేశంలో రాసిందనడానికి అదే ఒక ఆధారం. గడియారాన్ని ఎవరైనా తర్వాత దిద్ది ఉంటే ఈ లెక్క తప్పుతుంది.

దిద్దడం కష్టమా? కాదు. ఎక్సిఫ్‌ను మార్చే ఉచిత ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. కెమెరా తేదీనే తప్పుగా పెట్టుకుని తిరిగేవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి ఎక్సిఫ్ ఒక సాక్షి చెప్పిన మాట లాంటిదే తప్ప తీర్పు కాదు. ఆ మాటను ఫోటోలోని నీడలతో, దుకాణం బోర్డు మీది భాషతో, ఆ రోజు వాతావరణంతో పోల్చి చూడాలి. బోర్డు మీద ఒడియా ఉందా, తెలుగు ఉందా, రెండూ ఉన్నాయా అన్నది సరిహద్దులో పెరిగిన మన కళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. బయటి ఊళ్లలో కూర్చుని ఫోటోలు పరీక్షించేవాళ్లకు ఆ చూపు ఉండదు.

మరింత ముఖ్యమైనది ఎక్సిఫ్ ఖాళీగా ఉన్నప్పటి సంగతి. వాట్సాప్ ఫోటోను మామూలుగా పంపితే చిట్టా మొత్తం చెరిపేసి, పిక్సెళ్లు తగ్గించి, జేపెగ్‌ను మళ్లీ బిగించి పంపుతుంది. ఫేస్‌బుక్ కూడా చూసేవాళ్లకు ఇచ్చే ఫైల్ నుంచి దాన్ని తీసేస్తుంది. కాబట్టి చిట్టా లేని ఫోటో అబద్ధమనలేం, నిజమనీ అనలేం. అప్పుడు ఎక్స్‌టెన్షన్ చేయగల సాయం మరొకటి. ఫోటో అసలు అడ్రస్‌ను, దొరికినంతలో పెద్ద ఫైల్‌ను పట్టిస్తుంది. దాన్ని, ఫోటో ఇస్తే అలాంటివి వెబ్‌లో ఎక్కడున్నాయో వెతికే గూగుల్ లెన్స్‌లోనో, టిన్‌ఐలోనో పెట్టి వెతకాలి. టిన్‌ఐలో దొరికినవాటిని పాతవి ముందు వచ్చేలా పేర్చుకోవచ్చు. ఈ రోజు తుఫాను అని వచ్చిన ఫోటో 2014లోనే ఎక్కడో కనిపించిందంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. రెండేళ్లకోసారి జరిగే బరంపురం ఠాకురాణి యాత్ర ఫోటోలకూ ఇదే దారి. పాత యాత్ర జనసందోహాన్ని ఈసారిదని పెట్టడం మామూలైపోయింది.

యంత్రం గీసిన బొమ్మలు ఇప్పుడు ఈ గుంపులో కలిశాయి. అడోబీ, ఆర్మ్, బీబీసీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ట్రూపిక్ కలిసి 2021 ఫిబ్రవరిలో సీ2పీఏ అనే కూటమి పెట్టాయి. ఫోటో ఎక్కడ పుట్టింది, ఎవరు ఏం మార్చారు అన్నది డిజిటల్ సంతకంతో ఫైల్‌లోనే ఉంచే ప్రమాణం వాళ్లది. సంతకం ఉంటే, చిట్టాను ఎవరైనా దిద్దితే తెలిసిపోతుంది. మామూలు ఎక్సిఫ్‌కు లేని బలం ఇది. స్క్రీన్‌షాట్ తీస్తే అదీ పోతుంది. కాబట్టి ఆ గుర్తు కనిపిస్తే దానికి విలువివ్వాలి, కనిపించకపోతే ఏమీ తేల్చకూడదు.

ఫోటో అడ్డం తిరిగి కనిపించడానికి కారణం కూడా ఈ చిట్టాలోనే ఉంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా చాలా కెమెరాలు ఫైల్‌ను అడ్డంగానే రాసి, తిప్పి చూపించు అని పక్కన ఒక అంకె వేస్తాయి. 2020 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఆ అంకెను చదివి తిప్పి చూపిస్తున్నాయి. దారిలో ఎవరైనా చిట్టా చెరిపి, పిక్సెళ్లను తిప్పకుండా వదిలేస్తే మనిషి పక్కకు పడుకున్నట్టు కనిపిస్తాడు.

ఇల్లే మగ్గమైనప్పుడు

ఎక్సిఫ్‌ను మనం ఇతరుల ఫోటోల్లో వెతికినంత శ్రద్ధగా మన ఫోటోల్లో వెతకం. 2012 డిసెంబర్‌లో యాంటీవైరస్ ప్రోగ్రాంతో పేరుపొందిన జాన్ మెకఫీ పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నప్పుడు వైస్ పత్రిక ఆయనతో దిగిన ఒక ఫోటోను వెబ్‌లో పెట్టింది. అందులో మిగిలిపోయిన జీపీఎస్ అంకెలు ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని బయటపెట్టాయి. ఆయన కథ మనకు దూరం. మగ్గం ఇంట్లోనే ఉన్న నేతగాళ్ల కుటుంబం సంగతి దగ్గరిది. ఆర్డర్ల కోసం సొంత వెబ్‌సైట్‌లో పెట్టిన చీర ఫోటోలో ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉంటే, ఫోన్ నంబర్ కూడా ఇవ్వకూడదనుకున్న ఆడపిల్ల ఇంటి గుమ్మాన్నే లోకానికి చూపించినట్టవుతుంది. పెద్ద సోషల్ మీడియా సంస్థలు చిట్టా చెరిపేస్తాయి కానీ సొంత సైట్లు, చిన్న సైట్లు చాలావరకు ఎక్కించింది ఎక్కించినట్టే ఉంచుతాయి. మీ సైట్‌లోని ఫోటోల మీద ఎక్స్‌టెన్షన్ తెరిచి జీపీఎస్ వరస ఉందో లేదో ఈ రోజే చూడండి. ఉంటే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసి, పాత ఫోటోలను చిట్టా తీసేసి మళ్లీ ఎక్కించండి.

అసలు ఫైల్‌ను మాత్రం మీ దగ్గర చెరపకుండా దాచుకోండి. రేపు మీ చీర ఫోటోను మరెవరో నకలు చీర అమ్మడానికి వాడుకుంటే, పూర్తి పిక్సెళ్లు, పూర్తి చిట్టా ఉన్న ఫైల్ మీ దగ్గరే ఉంటుంది. ఎత్తుకెళ్లినవాళ్ల దగ్గర ఉండేది వెబ్‌లోని చిన్నదే.

చూపు లేనివాళ్లకు ఆ పోస్టర్ ఏం చెబుతుంది?

ఎక్స్‌టెన్షన్ విండోలో అందరూ దాటిపోయే వరస ఒకటుంది, దాన్ని ఆల్ట్ అంటారు. ఫోటో కనిపించనప్పుడు, లేదా చూసే మనిషికి చూపు లేనప్పుడు, ఫోటోకు బదులుగా చదవాల్సిన వాక్యం అది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదివేది దాన్నే. తెలుగు సైట్లలో ఈ వరస తెరిచి చూస్తే చాలా చోట్ల ఖాళీ, లేదా కెమెరా పెట్టిన ఫైల్ పేరు.

సరిహద్దు జిల్లాల్లో ఈ లోటు మరీ బాధ పెడుతుంది. ఒడిశాలో తెలుగు అక్షరం కనిపించే చోట్లు తక్కువ. ఉగాది సభ, పిల్లల తెలుగు తరగతులు, ఊరి సంఘం సమావేశం లాంటివన్నీ పోస్టర్లుగానే వస్తాయి. డీటీపీ చేసేవాళ్లు అను ఫాంట్లలో కొడతారు. అవి అన్ని యంత్రాలూ ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి అక్షరాలను వెబ్‌లో నేరుగా పెట్టడం కుదరదు, జేపెగ్ చేసి ఎక్కిస్తారు. అలా ఎక్కిన పోస్టర్‌లో మనిషికి తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి రంగు చుక్కలే. బరంపురంలో తెలుగు తరగతులు ఎక్కడున్నాయని వెతికినవాళ్లకు ఆ పోస్టర్ దొరకదు. చూపు లేని పెద్దాయనకు అక్కడ ఒక ఫోటో ఉందన్న మాట మాత్రమే వినిపిస్తుంది. తేదీ, చోటు, విషయం మూడూ ఆల్ట్‌లో యూనికోడ్ తెలుగులో రాస్తే, పేజీ భాష తెలుగని గుర్తు పెడితే, స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుతో చదువుతుంది. పోస్టర్ కింద అదే సమాచారాన్ని మామూలు అక్షరాల్లో రాస్తే ఇంకా మేలు. దీనికి ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. పత్రికల మీదా పోర్టళ్ల మీదా ఫిర్యాదు చేసే ముందు మన సంఘాల పేజీలు మనం దిద్దుకోగలం.

అనుమతులు, ఆ తర్వాత ఫోన్

ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు బ్రౌజర్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని ఇది చదవగలదు, మార్చగలదు అని. ఫోటో వివరాలు చదవాలంటే పేజీని చూడాల్సిందే, ఎక్సిఫ్ కావాలంటే ఫైల్‌ను తెచ్చుకోవాల్సిందే. అయితే అదే అనుమతి బ్యాంకు పేజీకీ వర్తిస్తుంది. ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను ఎంతోమంది నమ్మి వాడారు. 2020లో అది చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని తొలగించింది. పెట్టుకున్న రోజు మంచిదైనది ఎప్పటికీ మంచిదిగా ఉంటుందన్న హామీ లేదు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లోకి వెళ్లి, నొక్కినప్పుడు మాత్రమే సైట్‌ను చూడనిచ్చే ఏర్పాటు ఎంచుకోండి. ఎక్సిఫ్ చదవడానికి ఫోటోను తన సర్వర్‌కు పంపేవాటిని వదిలేయండి. ఆ పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, బయటికి పంపాల్సిన అవసరం ఏదీ లేదు.

ఎక్స్‌టెన్షన్ వద్దనుకున్నా కొంత దారి ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, ఐ కలిపి నొక్కి మీడియా భాగం తెరిస్తే పేజీలోని ఫోటోలన్నీ రకం, బరువులతో వరసగా వస్తాయి, ఒకదాన్ని ఎంచుకుంటే దాని కొలతలు కింద కనిపిస్తాయి. క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి, కోడ్‌లోని ఫోటో అడ్రస్ మీద మౌస్ ఉంచితే కనిపించే కొలత, అసలు కొలత రెండూ చూపిస్తుంది. ఎక్సిఫ్ మాత్రం ఈ రెండింటిలోనూ రాదు.

మనలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోనే. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో 2023 డిసెంబర్ నుంచి వందల కొద్దీ ఎక్స్‌టెన్షన్లు అందుబాటులోకి వచ్చాయి, వాటిలో వెతుక్కోవచ్చు. ఫైల్ ఫోన్‌లోకి వచ్చాక గూగుల్ ఫోటోస్‌లో తెరిచి పైకి జరిపితే తేదీ, మోడల్, చోటు చూపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన తుఫాను ఫోటో మీద అనుమానం ఉంటే పంపినవాళ్లను ఒక్కటే అడగండి: తీసింది మీరేనా, అయితే దాన్నే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపగలరా అని. తాము తీయలేదంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. డాక్యుమెంట్‌గా పంపిన ఫైల్‌లో ఎక్సిఫ్ చెరగకుండా వస్తుంది. వాళ్ల ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా దానితోపాటే వస్తాయి కాబట్టి, ఆ సంగతి ముందే చెప్పి అడగాలి, వచ్చిన ఫైల్‌ను గ్రూపులోకి పంపకూడదు.